తర్వాతి వీడియో 5 సెకన్లలో

మా అక్క కొడుక్కి వచ్చే నెలకి రెండున్నరేళ్లు. ఇంట్లో అందరికీ బుడ్డోడు. ఇంగ్లిష్‌లో ఒకటి నుంచి ఇరవై దాకా గడగడా చెప్పేస్తాడు. ఏబీసీడీలు మొత్తం వచ్చు, కాకపోతే జెడ్‌ని అమెరికా వాళ్లలా 'జీ' అంటాడు. ఆక్టోపస్ బొమ్మ చూపిస్తే 'ఆక్టోపస్' అంటాడు. దాహం వేస్తే మాత్రం 'నీళ్లు' అనడు. వేలు పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్తాడు.

మొదట్లో మేమంతా తెగ మురిసిపోయాం. ఫ్యామిలీ గ్రూప్ నిండా వాడి వీడియోలే. 'వీడు పెద్దయ్యాక గూగుల్‌కి సీఈఓ' అని ఒకాయన మెసేజ్, దానికి బోలెడన్ని లవ్ సింబల్స్. సంక్రాంతికి తణుకు వెళ్లినప్పుడు అమ్మ వాణ్ని రెండు రోజులు గమనించి, మూడో రోజు వంటింట్లో నెమ్మదిగా అంది: "వీడు చెప్తున్నాడే గానీ, మాట్లాడట్లేదే."

అక్కకి కోపం వచ్చింది. నాకూ వచ్చింది, కాకపోతే వేరే కారణానికి. అది తర్వాత చెప్తా.

హైదరాబాద్ వచ్చాక పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఆవిడ ఫోన్ సంగతి ఎత్తకుండా ముందు చెవుల పరీక్ష రాశారు. మాటలు ఆలస్యమైన పిల్లలకి మొదట చూడాల్సింది వినికిడేనట. (మీ ఇంట్లో ఇలాంటి పిల్లలుంటే ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. 'ఫోన్ లాగేసుకుంటే అదే సర్దుకుంటుందిలే' అని ఆరు నెలలు ఆగొద్దు.) చెవులు బాగానే ఉన్నాయి. అక్కడి నుంచి స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి. రోజుకి ఎన్ని గంటలు చూస్తాడని అడుగుతారు కాబట్టి, కాస్త తగ్గించి చెబుదామని అక్క ముందే లెక్క రెడీ చేసుకుంది. ఆవిడ అడిగింది వేరు: "బాబు వీడియో చూస్తున్నప్పుడు పక్కన ఎవరుంటారు?"

ఎవరూ ఉండరు. అందుకే కదా ఫోన్ ఇచ్చేది!

ఇక నా కోపం సంగతి. నేను ఒక వీడియో యాప్ టీమ్‌లో పనిచేస్తాను. పేరు అనవసరం. పోయినేడాది నా మీద పడ్డ ఒక పని ఏంటంటే, వీడియో అయ్యాక తర్వాతిది మొదలయ్యే కౌంట్‌డౌన్‌ని 10 సెకన్ల నుంచి 5కి తగ్గించడం. కోడ్‌లో ఒక్క అంకె మార్పు. సగం మంది యూజర్లకి పాతది, సగం మందికి కొత్తది పెట్టి రెండు వారాలు చూశాం. కొత్తది పెట్టినవాళ్లు యాప్‌లో ఎక్కువసేపు ఉన్నారు. మేనేజర్ రాకెట్ ఎమోజీ పెట్టాడు, టీమ్‌కి బిర్యానీ వచ్చింది. నేనూ తిన్నాను, ఎక్స్‌ట్రా రైతా వేసుకుని మరీ.

ఆ గ్రాఫ్‌లో ఉన్నవాళ్లలో ఎంతమంది మూడేళ్ల లోపు వాళ్లో మాకు తెలీదు. ఫోన్ అమ్మది, అకౌంట్ నాన్నది. డేటాలో కనిపించేది 34 ఏళ్ల మగ యూజర్. ఆ యూజర్ మధ్యాహ్నం ఒంటిగంటకి ట్రాక్టర్ పాట వరసగా పదకొండు సార్లు చూస్తాడు. మీటింగ్‌లో అది చూసి నవ్వుకున్నాం కూడా.

వీడియో అయిపోయి తెర ఆగినప్పుడు పిల్లాడు తలెత్తుతాడు. చుట్టూ చూస్తాడు. 'అయిపోయింది' అని ఎవరికో ఒకరికి తెలియాలి, 'ఇంకోటి' అని అడగాలి. అడగడానికి ఒక మాట కావాలి. ఆ మాటతో పని లేకుండా చేసింది మేమే. శనివారాలు అక్క ఇంట్లో వాడికి అన్నం పెట్టేది నేను. ఎదురుగా ఫోన్ నిలబెట్టి, వాడి నోట్లో ముద్ద పెడుతూ, రెండో చేత్తో నా ఫోన్ చూసుకుంటూ. అమ్మ మాటకి నాకెందుకు కోపం వచ్చిందో అర్థమయ్యే ఉంటుంది.

థెరపిస్ట్ ప్రశ్న విన్నాక కూర్చుని చదవడం మొదలుపెట్టాను. నన్ను పట్టేసింది 2003లో వచ్చిన ఒక పరిశోధన. అమెరికాలో ప్యాట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త బృందం, ఇంట్లో ఇంగ్లిష్ మాత్రమే వినే తొమ్మిది నెలల పిల్లల్ని తీసుకుంది. కొందరి ముందు చైనా భాష మాండరిన్ మాట్లాడే మనుషులు కూర్చుని పుస్తకాలు చదివారు, బొమ్మలతో ఆడించారు. 12 సార్లు, ఒక్కోసారి 25 నిమిషాలు. ఇంకొందరికి అదే మనుషులు, అదే భాష, కాకపోతే వీడియోలో. మనిషి ఎదురుగా ఉన్న పిల్లలు ఇంగ్లిష్‌లో లేని మాండరిన్ శబ్దాల తేడా పట్టేశారు. వీడియో చూసిన పిల్లలకి ఏమీ ఎక్కలేదు. ఆ భాష అసలు విననివాళ్లతో సమానంగా మిగిలారు.

పోనీ తెరే విలన్ అనుకుందామంటే, 2014లో ఇంకో పరిశోధన వచ్చింది. రెండేళ్లు దాటిన పిల్లలకి కొత్త మాటలు నేర్పారు. ఎదురుగా కూర్చుని నేర్పితే వచ్చాయి. వీడియో కాల్‌లో నేర్పినా వచ్చాయి! ముందే రికార్డు చేసింది చూపిస్తే రాలేదు. తెర రెండింట్లోనూ ఉంది. కానీ కాల్‌లో ఉన్న మనిషి వాడు 'ఊ' అంటే ఆగుతారు, జవాబిస్తారు. రికార్డింగ్ ఆగదు. రెండేళ్ల లోపు పిల్లలకి తెర వద్దే వద్దనే మన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా బంధువులతో అప్పుడప్పుడూ వీడియో కాల్‌కి మినహాయింపు ఇచ్చింది. రెండు నుంచి ఐదేళ్ల మధ్య అయితే, పెద్దవాళ్లు కనిపెట్టుకుని ఉండగా రోజుకి గంట మించొద్దు అంటుంది.

ఎక్కువ చూసే పిల్లలకి మాటలు ఆలస్యం అని చాలా పరిశోధనల్లో కనిపిస్తుంది. కానీ రెండూ కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని తేలిపోదు. ఊరికే ఏడ్చే పిల్లాడి చేతికే ఫోన్ ఎక్కువసార్లు వెళ్తుంది కదా. 'ఫోన్ చూస్తే ఆటిజం వస్తుంది' అనే ఫార్వర్డ్ ఒక్క వారంలో మా అక్కకి నలుగురు పంపారు. అలా అని తేలలేదు. పంపేముందు ఆ రాత్రి ఆ తల్లికి నిద్ర ఎలా పడుతుందో కాస్త ఆలోచించండి బాబూ.

కళ్ల సంగతికొస్తే, అందరూ తెర గురించే చెప్తారు. దూరంగా ఉన్నవి మసకగా కనిపించే సమస్యకి ఆరుబయట వెలుగు తగలకపోవడం కూడా ఒక పెద్ద కారణం. అందుకే తైవాన్‌లో 2010 నుంచి బడి పిల్లల్ని రోజుకి 120 నిమిషాలు బయట గడిపేలా చూస్తున్నారు. అక్క వాళ్ల అపార్ట్‌మెంట్‌లో పార్కుంది. 'గడ్డి మీద ఆడరాదు' అని బోర్డు కూడా ఉంది.

'మా కాలంలో ఫోన్లున్నాయా' అనేవాళ్లకి ఒక మనవి. మీ కాలంలో ఇంట్లో మామ్మ ఉంది, పక్కింట్లో అత్తయ్య ఉంది, వీధి నిండా పిల్లలున్నారు. అక్క ఉండేది నల్లగండ్లలో, పదకొండో అంతస్తులో. ఇద్దరివీ ఉద్యోగాలే, బావది అమెరికా షిఫ్టు. వంట చేసే అరగంట వాడు స్టవ్ దగ్గరికి రాకుండా చూసే ఆయా ఆ ఫోనే.

అందుకే మొత్తం మానిపించలేదు. ఆ అరగంట అలాగే ఉంది, కాకపోతే ఫోన్ బదులు టీవీ. వంటింట్లోంచి కనిపిస్తుంది, అక్క 'ఆ ట్రాక్టర్ ఎటు పోయిందిరా' అని మధ్యమధ్యలో కేకేస్తుంది. ఆటోప్లే ఆపేశాం. యూట్యూబ్‌లో ఆ స్విచ్ వీడియో పైనే ఉంటుంది, ఇన్నాళ్లూ దాన్ని మేమెవరం ముట్టుకోలేదు. నేనైతే అస్సలు.

అన్నం దగ్గర మాత్రం ఫోన్ బంద్. మొదటి రోజు ఇరవై నిమిషాలు ఏడ్చాడు. మూడో రోజు కంచం ఎగిరింది. ఏడ్చినప్పుడల్లా ఫోన్ ఇస్తే తనంతట తాను తేరుకోవడం ఎప్పుడు నేర్చుకుంటాడు అని థెరపిస్ట్ ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ రోజే చేతులెత్తేసేవాళ్లం. మీలో చాలామంది నాలాగే ఇంకా పిల్లల్లేని పిన్నులూ మావయ్యలే అయ్యుంటారు. ఫంక్షన్‌లో ఏడుస్తున్న పిల్లాడికి ముందుగా ఫోన్ తీసిచ్చేది మనమే. వాళ్లమ్మ వద్దంటున్నా సరే.

రోజూ సాయంత్రం ఏడింటికి తణుకుకి వీడియో కాల్. అమ్మ ఏబీసీడీలు అడగదు. ఒక వంకాయ తెర ముందు పెట్టి, కొంగు చాటున దాచేసి, కూర్చుంటుంది. వాడు ఏదో ఒకటి అనేదాకా అలాగే కూర్చుంటుంది. అమ్మ దగ్గర కౌంట్‌డౌన్ లేదు. మొదటి వారం వాడు ఫోన్ వెనక్కి తిప్పి చూసేవాడు, వంకాయ అటుపక్క ఉందేమోనని. రెండో వారం మధ్యలో ఒక రోజు "ఏదీ?" అన్నాడు. ఆ రోజు అక్క కూర మాడింది.

ఆఫీసులో నేనొక టికెట్ పెట్టాను. పిల్లల వీడియోలకి ఆటోప్లే ముందు నుంచే ఆపి ఉంచుదాం, కావాలంటే పెద్దవాళ్లే ఆన్ చేసుకుంటారు అని. 'మంచి ఐడియా, బ్యాక్‌లాగ్‌లో పెడదాం' అన్నారు. బ్యాక్‌లాగ్ అంటే ఏంటో ఐటీలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. రెండు నెలలుగా ప్రతి సోమవారం మీటింగ్‌లో దాన్ని పైకి లాగుతున్నాను. ప్రతి సోమవారం అది మళ్లీ కిందికే వెళ్తోంది. 5 సెకన్లది మాత్రం ఒక్కరోజులో అప్రూవ్ అయింది.

నిన్న రాత్రి అక్క మెసేజ్ పెట్టింది: 'ముప్పావుగంట కూర్చున్నానే. నాలుగు ముద్దలు తిన్నాడు. నా వల్ల కాలేదు, ఫోన్ ఇచ్చేశా.'

'పర్లేదక్కా' అని కొట్టాను. 'శనివారం నేనొచ్చి పెడతా. నా ఫోన్ బ్యాగులో పెట్టేస్తాలే.'