దిగుమతియైన ఆచారము

ఉగాండాలో స్వలింగానురాగులను శిక్షించు చట్టమును సమర్థించువారి వాదన యొకటి కలదు. ఆ చట్టము ఆఫ్రికా సంప్రదాయమును కాపాడుచున్నదట; దానిని వ్యతిరేకించుట పాశ్చాత్యుల పెత్తనమట. పరుల పెత్తనమన్న మాట చెవిని పడినంతనే స్వాతంత్ర్యము కొఱకు పోరాడిన ఏ జాతికైనను రోషము కలుగుట సహజము. కాని ఆ చట్టము పుట్టుపూర్వోత్తరములు విచారించినచో, ఆ సంప్రదాయమే రెండు పర్యాయములు పరదేశమునుండి దిగుమతియైనట్లు తేలుచున్నది.

మొదట తెచ్చినవారు ఆంగ్లేయ పాలకులు. ప్రకృతివిరుద్ధ సంపర్కమను నేరమును వారు 1860లో భారత శిక్షాస్మృతియందు 377వ సెక్షనుగా చేర్చిరి. అట్టి నిబంధననే తమ యితర వలసలకును పంచిపెట్టిరి. ఉగాండాకు 1962లో స్వాతంత్ర్యము వచ్చినది గాని ఆ నిబంధన పోలేదు. భారతదేశమున, పరస్పర సమ్మతి గల వయోజనుల విషయమున ఆ సెక్షను చెల్లదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6వ తేదీన తీర్పు చెప్పుటకు 158 సంవత్సరములు పట్టినది.

రెండవసారి తెచ్చినవారు ప్రచారకులు. 2009 మార్చిలో కంపాలా నగరమున జరిగిన సభకు అమెరికానుండి స్కాట్ లైవ్లీ మొదలగు మువ్వురు ఇవాంజెలికల్ క్రైస్తవ ప్రచారకులు వచ్చిరి. స్వలింగానురాగులవలన పిల్లలకును కుటుంబవ్యవస్థకును ముప్పు కలదని బోధించిరి. శ్రోతలలో పోలీసు అధికారులు, రాజకీయ నాయకులు, ఉపాధ్యాయులు కూడ నుండిరి. ఆ అక్టోబరులోనే డేవిడ్ బహాతి అను శాసనసభ్యుడు, కొన్ని సందర్భములలో మరణశిక్ష విధించు బిల్లును ప్రవేశపెట్టెను. అంతటి శిక్ష తమ అభిమతము కాదని ప్రచారకులు పిమ్మట చెప్పుకొనిరి. చూరునకు నిప్పంటించినవాడు ఇల్లంతయు కాలవలెనని తాను కోరలేదనుట వంటిదే ఇది. ఈ సంబంధమును ఆ సంవత్సరమే వెలికిదీసినవాడు కాప్యా కావోమా అను జాంబియా దేశీయుడు. ఆయనయు క్రైస్తవ మతాచార్యుడే.

ఈ బిల్లు నెదిరించినవారిలో డేవిడ్ కాటో అను బడిపంతులు ముఖ్యుడు. 2010 అక్టోబరులో కంపాలా పత్రిక యొకటి, స్వలింగానురాగులని తాను తలచినవారి పేర్లను ఫోటోలను ప్రకటించి, వారిని ఉరితీయుడని మొదటి పుటలో వ్రాసినది. అందు కాటో ఫోటోయు నుండెను. అతడు దాగుకొనలేదు. మఱి యిద్దరితో కలిసి హైకోర్టు కెక్కెను. అట్టి ప్రచురణ మానవలెననియు, ఒక్కొక్కరికి 15 లక్షల షిల్లింగుల పరిహారము చెల్లింపవలెననియు కోర్టు ఆ పత్రికను ఆదేశించెను. తీర్పు వెలువడి నెల తిరుగకమునుపే, 2011 జనవరి 26వ తేదీన, అతడు తన యింటిలోనే హత్యకు గురియయ్యెను. అది వ్యక్తిగత కలహమని పోలీసులు తేల్చిరి. నేరస్థునికి 30 సంవత్సరముల కారాగారశిక్ష పడెను. ఉత్తరక్రియలయందు సైతము మతబోధకు డొకడు మృతుని వర్గమును నిందింపగా, మిత్రులే శవపేటికను మోసిరి. క్రిస్టఫర్ సెన్యోంజో అను విశ్రాంత బిషప్పు సమాధికడ ప్రార్థన చేసెను. ఇట్టివారి పక్షము వహించినందులకే ఆయన తన చర్చికి దూరమైనవాడు.

కాటో మరణముతో ఉద్యమము ఆగలేదు. 2012లో అతని సహచరుల సంస్థ, అమెరికాలోని మాసచూసెట్స్ రాష్ట్రమున లైవ్లీపై వ్యాజ్యము వేసినది. విషబీజము బయలుదేరిన చోటనే సంజాయిషీ అడుగుట మెచ్చదగిన యుక్తి. తనకు అధికారపరిధి లేదని న్యాయాధిపతి 2017లో వ్యాజ్యమును కొట్టివేసెను. అయినను, లైవ్లీ చర్యలు అంతర్జాతీయ న్యాయమునకు విరుద్ధమైన పీడనకు తోడ్పడినవని ఆ తీర్పులోనే వ్రాసెను. ఉగాండాలో మరణశిక్షకు బదులు యావజ్జీవశిక్షతో 2014లో అమలులోనికి వచ్చిన చట్టమును, సభలో కోరము లేకుండ ఆమోదించిరను కారణమున, అక్కడి రాజ్యాంగ న్యాయస్థానము ఆ ఆగస్టు 1వ తేదీననే రద్దుచేసెను.

అధ్యక్షుడు ముసెవెని 2023 మేలో మఱింత కఠినమైన చట్టముపై సంతకము చేసెను. మరణశిక్ష మరల వచ్చినది. 2024 ఏప్రిల్ 3వ తేదీన రాజ్యాంగ న్యాయస్థానము, అనుమానితులను గూర్చి పోలీసులకు తెలుపుట విధియను నిబంధనను, మఱి కొన్నింటిని తొలగించి, తక్కిన చట్టమును నిలిపినది. స్వలింగానురాగమును ‘ప్రోత్సహించుట’ అను నేరమునకు 20 సంవత్సరముల వఱకు కారాగారమును విధించు నిబంధనయు అట్లు నిలిచినవానిలో నొకటి. కాటో వంటి బడిపంతులు నేడు జీవించి యుండి, బాహాటముగ తన వారి పక్షమున మాటలాడినచో, అతనిపై ప్రయోగించుటకు ఆ ఒక్క నిబంధనయే చాలును.