శివారు ఆయకట్టు అభ్యర్థి

ఎన్నికలంటే మన బెజవాడవాళ్ళకు కొత్తేమీ కాదు. అసెంబ్లీకీ కార్పొరేషనుకూ సరే, సహకార సంఘానికీ, గుడి కమిటీకీ, అపార్టుమెంటు సంఘానికీ కూడా అంతే పట్టుదలగా పోటీ చేస్తాము. అపార్టుమెంటు కార్యదర్శి పదవి దగ్గర మాటలు మానేసిన వియ్యంకులను నేనెరుగుదును. అంచేత మా అక్కయ్య కొడుకు "పిన్నీ, నేనొక ఎన్నికలో నిలబడదామనుకుంటున్నాను" అన్నప్పుడు నేను పెద్దగా ఆశ్చర్యపడలేదు. ఏ ఎన్నికో విన్న తర్వాత మాత్రం దిద్దుతున్న జవాబు పత్రాలు పక్కన పెట్టవలసి వచ్చింది.

వాడిది హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పగలంతా కంపెనీ పని. రాత్రి భోజనమయ్యాక ఇంకొక పని. దానికి జీతం లేదు. కంప్యూటర్లలోనూ ఫోనుల్లోనూ తెలుగు అక్షరాలు సరిగా కనిపించేట్టు, ఒత్తులు పక్కకు జారిపోకుండా ఉండేట్టు చూడటం ఆ రెండో పని. అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అనే తెగలోది. ఆవకాయ జాడీ ఇచ్చి ఊరుకోకుండా, పాళ్ళు రాసిన కాగితం కూడా చేతిలో పెట్టి, "మీ ఇష్టం వచ్చినట్టు మార్చుకోండి, పదిమందికీ పంచండి" అనటం లాంటిది. దీన్ని ప్రపంచం నలుమూలలనుంచీ వేలమంది కలిసి రాస్తారు. వారందరి తరఫునా డబ్బు లెక్కలు చూడటానికీ, పేరునూ గుర్తునూ కాపాడటానికీ, కోర్టు వ్యవహారం వస్తే ఎదుర్కోవటానికీ లాభాపేక్ష లేని సంస్థ ఒకటి ఉంటుంది. దానికొక బోర్డు. ఆ బోర్డులో కొన్ని స్థానాలకు ఎన్నిక. మావాడి కన్ను అట్లాంటి స్థానంమీద పడింది. ఇంకా నామినేషనైనా వెయ్యలేదు గనక సంస్థ పేరు ఇక్కడ చెప్పను.

"జీతమెంతట?" అన్నది మా అక్కయ్య. జీతం లేదు. పైగా సమావేశాలు అమెరికావాళ్ళకు పగలు, మనకు అర్ధరాత్రి. "అయితే పెళ్ళయ్యాక చూసుకోమను" అని తీర్పు చెప్పేసింది. బావగారు ఇంకాస్త లోతుకు వెళ్ళారు. "అందులో మనవాళ్ళ ఓట్లెన్నిరా?" అన్నారు. వాడు వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పాడు. "మరి ఓడిపోవటానికి ఇంత శ్రమ దేనికి?"

అక్కయ్యకు జవాబు చెప్పటం తేలిక. జీతం లేని పనంటే ఈ ఊరికి ఏనాడూ చిన్నచూపు లేదు. 1914 ఏప్రిల్ 10న గ్రంథాలయాలవాళ్ళు బెజవాడలోనే కూడి సంఘం పెట్టుకున్నారు. అయ్యంకి వెంకటరమణయ్యగారు జీవితమంతా దానికే ధారపోశారు. 1935లో పాతూరి నాగభూషణంగారు పుస్తకాలను పడవ ఎక్కించి కాలవ వెంట ఊళ్ళకు పంపారు. 2014 ఫిబ్రవరిలో తెలుగు వికీపీడియావారు తమ పదేళ్ళ పండుగను విజయవాడలో చేసుకున్నప్పుడు, ఇచ్చిన పురస్కారానికి మన పెనుగంచిప్రోలులో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావుగారి పేరు పెట్టారు. వీరిలో ఎవరికి జీతం ఎంత అని అడుగుతాము?

బావగారి ప్రశ్న అంత సులువుగా వదిలేది కాదు.

తెలుగు చెప్పుకుని బతికేదాన్ని గనక అక్షరం దగ్గర మొదలుపెడతాను. 2018 ఫిబ్రవరిలో జరిగింది మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. "జ్ఞా" అనే అక్షరాన్ని ఒకానొక తీరున కూర్చి ఐఫోనుకు పంపితే, దాన్ని చూపించటం చేతకాక ఫోనులో సందేశాలు చదివే ఏర్పాటే కుప్పకూలేది. వేలకు వేలు పోసి కొన్న ఫోను, జ్ఞానం దగ్గర తడబడింది! లోకమంతా నవ్వుకున్నది. కంపెనీవారు ఆ నెలలోనే దిద్దుబాటు పంపించారు, కాదనను. కాని వారు పంపేవరకూ మనం చెయ్యగలిగింది చేతులు కట్టుకుని కూర్చోవటమే. పాళ్ళ కాగితం వాళ్ళ బీరువాలో ఉన్నది మరి.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుకు ఆ బాధ లేదు, ఎవరైనా విప్పి బాగుచేసుకోవచ్చునంటారు. నిజమే గాని సగం నిజం. బాగుచేసినదాన్ని ఎవరో పరీక్షించాలి, అసలు ప్రతిలో కలపాలి. అందుకు కొందరికి జీతాలివ్వాలి. ఈ ఏడు దేనికెంత అనేది బడ్జెటులో తేలుతుంది; ఆ బడ్జెటును ఒప్పుకునేది బోర్డు. బోర్డు సభ్యులు కూర్చుని సాఫ్ట్‌వేర్ రాయరు. ముఖ్య అధికారిని నియమించటం, లెక్కలు ఆడిట్ చేయించటం, నియమావళి మార్చటం వాళ్ళ పని. కాలేజీ పాలకవర్గం వచ్చి పాఠం చెప్పదు. తెలుగు పోస్టు ఉంచటమా తియ్యటమా అన్నది మాత్రం వాళ్ళే తేలుస్తారు. (ఉపమానం ఊరికే తోచింది, వేరే అర్థాలు తియ్యకండి.)

మనవాళ్ళు ఇట్లాంటి ఎన్నికలో నిలబడటం ఇదే మొదలు కాదు. ఇందాక చెప్పిన తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. దాన్ని నడిపించే మీడియావికీ అనే సాఫ్ట్‌వేరు కూడా పాళ్ళు పంచిపెట్టిన రకమే. వీటన్నిటినీ చూసుకునే వికీమీడియా ఫౌండేషన్ అమెరికాలోని లాభాపేక్ష లేని సంస్థ. 2021 ఆగస్టులో దాని బోర్డులో నాలుగు స్థానాలకు ఎన్నిక జరిగితే 19 మంది పోటీ చేశారు. వారిలో పవన్ సంతోష్ సూరంపూడిగారు ఒకరు. తెలుగు వికీపీడియాలో పనిచేసినవారు. తమిళంవైపునుంచీ ఒకరు నిలబడ్డారు. అక్కడ వ్యాసాలు రాసేవారికి ఓటు హక్కు ఊరికే రాదు. మొత్తంమీద 300 మార్పులైనా చేసి ఉండాలి. గడువుకు ముందు ఆరు నెలల్లో 20 అయినా చేసి ఉండాలి. పని చేసినవాడికే ఓటు! మన సంఘాల్లో ఈ నియమం పెడితే ఓటర్ల జాబితా ఒక్క కాగితంలో ఇమిడిపోతుంది.

ఓటు వేసే పద్ధతి మీలో పట్టభద్రులకు తెలిసినదే. 2025 ఫిబ్రవరిలో కృష్ణా-గుంటూరు పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో పేర్లకెదురుగా 1, 2, 3 అని అంకెలు వేశామే, ఆ జాతిదే. నాలుగు స్థానాలు, వెయ్యి ఓట్లు అనుకోండి. 201 వచ్చినవాడు గెలిచినట్టే. అన్నేసి ఓట్లు అయిదుగురికి రావటం సాధ్యం కాదు గనక. గెలిచినవాడి దగ్గర మిగులుంటే అది రెండో అంకె వేసిన పేరుకు పారుతుంది. అట్టడుగువాడు తప్పుకుంటే వాడి ఓట్లూ అట్లాగే పక్క పేరుకు పారుతాయి. బందరు కాలవలో నీళ్ళు కూడా ఇంత న్యాయంగా పారితే ఎంత బాగుండును! చూడగా ఇది చిన్నవాళ్ళకు మేలుచేసే పద్ధతి. ఆ ఏడు 6,800 పైచిలుకు ఓట్లు పడినై. గెలిచిన నలుగురూ యూరపు, అమెరికాలవారే.

వాళ్ళు పనికిరానివాళ్ళని నేననటం లేదు. ఏ పద్ధతైనా ఉన్న నీళ్ళనే పంచుతుంది. మన భాషలో 300 మార్పులు చేసినవాళ్ళే కొద్దిమంది అయితే పాపం పద్ధతి మాత్రం ఏం చేస్తుంది? ఇంకొక మెలిక కూడా ఉన్నది. 2020లో మారిన నియమావళి ప్రకారం ఆ బోర్డులో 16 వరకూ స్థానాలుంటే, అందులో 8 సభ్యులూ అనుబంధ సంఘాలూ ఎంచుకునేవి. 7 బోర్డు తానే నింపుకునేవి, ఒకటి స్థాపకుడిది. ఎంచుకున్న ఎనిమిదిమందినైనా చివరకు నియమించవలసింది బోర్డే.

ఈ మెలిక ఎంతవరకూ పోగలదో 2025లో వేరేచోట చూశాము. ఓపెన్ సోర్స్ ఇనీషియేటివ్ అని 1998లో పుట్టిన సంస్థ ఉన్నది. ఏ షరతులుంటే ఒక సాఫ్ట్‌వేరును "ఓపెన్ సోర్స్" అనవచ్చునో చెప్పే పెద్దమనిషి అది. దాని బోర్డుకు నామినేషన్ల గడువు ఫిబ్రవరి 17 రాత్రి 11 గంటల 59 నిమిషాలన్నారు. ఏ ఊరి రాత్రి? అది రాయలేదు. అమెరికాలో ఒక అభ్యర్థి తన గడియారం ప్రకారం వేళకే పంపితే, గ్రీనిచ్ లెక్కన ఆలస్యమన్నారు. అంతటితో అయిపోలేదు. సంస్థను సంస్కరించాలని ఒకే ప్రణాళికమీద నిలబడ్డ మరి ఇద్దరిని, సభ్యులు చెయ్యవలసిన ఒప్పందంమీద ఉన్నదున్నట్టు సంతకం పెట్టలేదని, ఓట్లు పడ్డాక లెక్కలోనుంచి తీసేశారు. బోర్డు నిర్ణయాలను సభ్యులు బయట సమర్థించి తీరాలన్న మాట దగ్గర వచ్చింది తగువు.

బోర్డులో కూర్చున్నవాడు తనకు ఓటేసినవాళ్ళ వకీలు కాడు. సంస్థ మంచికి కట్టుబడ్డ ధర్మకర్త. అంతవరకూ నేనూ ఒప్పుకుంటాను. తెలుగువాడు బోర్డుకు వెళ్ళి తెలుగుకే డబ్బంతా కట్టబెడితే అది ధర్మం కాదు. కాని లోపల వాదించి ఓడినవాడు బయటికి వచ్చి "నేను ఒప్పుకోలేదు" అనికూడా అనరాదంటే, నాకేమో ఆ రుచి పట్టలేదు. నామినేషను కాగితంకన్న ముందు ఒప్పందం కాగితం తెప్పించి చదవమని మావాడికి గట్టిగా చెప్పాను. పక్క ఊళ్ళో పొలం కొనేవాడు దస్తావేజు చదవడూ?

ఇప్పుడు బావగారి దగ్గరికి వస్తాను. ఆయన పొలం అవనిగడ్డ దగ్గర. కాలవ మొదట్లోవాళ్ళకు నీళ్ళు ఎక్కువై మురుగైతే, శివారు ఆయకట్టుకు మడి తడవని ఏళ్ళున్నాయి. 1997లో సాగునీటి సంఘాల చట్టం వచ్చి, రాష్ట్రంలో పదివేలకు పైగా సంఘాలు ఏర్పడ్డాయి. సంఘం పరిధిని ముక్కలు చేసి ఒక్కొక్క ముక్కకు ఒక సభ్యుడన్నారు. అంటే శివారుకు శివారువాడే. బావగారు నిలబడి గెలిచారు. ఆ కథ మళ్ళీ చెప్పించాను.

"ఏముందమ్మా, గెలిచినా ఆ ఏడు నీళ్ళేమీ పెరగలేదు," అన్నారు. "కాకపోతే మినిట్సు పుస్తకంలోకి శివారన్న మాట ఎక్కింది. మరుసటేడు గుర్రపుడెక్క తీసే పని మా కొసనుంచి మొదలుపెట్టారు."

అని, తన ప్రశ్నకు తానే జవాబు చెప్పినట్టు తోచి కాబోలు, కొంచెంసేపు ఊరుకున్నారు. తర్వాత ఆయనే అన్నారు: "నాకైతే ప్రత్యేకంగా సీటుంది. వీడికి లేదుగా?"

లేదు. అసలు చిక్కంతా అక్కడే. ప్రపంచపు బోర్డులో శివారుకు విడిగా స్థానం లేదు గనక, కాలవ మొదట్లోవాళ్ళ ఓట్లు కూడా అడగాలి. వాళ్ళకు తెలుగు ఒత్తు ఎందుకు కావాలి? మావాడు చెప్పిన సంగతి నాకు బాగా నచ్చింది. తెలుగు ఒత్తును సరిగా కూర్చటానికి చేసిన పని కన్నడానికి పనికివస్తుంది, బర్మా లిపికి పనికివస్తుంది, కంబోడియావాళ్ళ ఖ్మేర్ లిపికీ పనికివస్తుంది. అక్షరంకింద అక్షరం పేర్చే లిపులన్నిటికీ మూలం ఒకటే, చిక్కులూ ఒకటే. ఒక కొసన పూడిక తీస్తే నాలుగు ఊళ్ళకు పారుతుంది. ఓట్లడగటానికి ఇంతకన్న మంచి మాట ఏముంటుంది?

కాని వాడు రాసిన అభ్యర్థి ప్రకటన మొదటి ప్రతిలో ఈ మాటే లేదు! "అణగారిన భాషల గొంతుక", "అచంచల విశ్వాసం", "నిబద్ధత" ఉన్నాయి. ఎర్రసిరాతో కొట్టేశాను. ఏ ఏడు ఏ అక్షరం బాగుచేశావో రాయి, డబ్బు లెక్క చూడటం వచ్చునో రాదో రాయి, అర్ధరాత్రి సమావేశాలకు ఎన్నిటికి రాగలవో రాయి అన్నాను. "మరీ పొడిగా ఉంటుంది పిన్నీ" అన్నాడు. ఉండనీ. ఓటరు చదివేది పందొమ్మిది ప్రకటనలు. పందొమ్మిదింటిలోనూ విశ్వాసం అచంచలంగానే ఉంటుంది.

రెండో ప్రతి నిన్న వచ్చింది, నయం. కంపెనీవాళ్ళ అనుమతి ఉత్తరం ఇంకా రావాలి. ఉద్యోగానికీ ఈ పనికీ పొత్తు కుదరదేమోనన్న అనుమానం వాళ్ళకుంటుంది, తప్పులేదు. అక్కయ్య పెళ్ళిసంబంధం ఉత్తరాల్లో ఈ సంగతి రాయాలా వద్దా అని అడుగుతున్నది. నామినేషను గడువు గ్రీనిచ్ అర్ధరాత్రి; అంటే మనకు తెల్లవారి అయిదున్నర. బావగారు అది విని, అంతవరకూ ఎందుకు, ముందురోజు మధ్యాహ్నానికే వేసేసి రసీదు పుచ్చుకోమన్నారు.