తెల్ల గీతల దారి
ఫ్రాన్స్‌లో సైకిల్ యాత్ర అనగానే అందరూ లువార్ నది వెంట సాగే 900 కిలోమీటర్ల బాట పేరే చెబుతారు. బాగుంటుంది, కాదనను. నా ఓటు మాత్రం మిషెలిన్ మ్యాపులో సన్నటి తెల్ల గీతలుగా కనిపించే పల్లె రోడ్లకే. ఆ దేశంలో రోడ్లన్నీ కలిపితే 10 లక్షల కిలోమీటర్లు దాటుతాయి. దూరం పోయే లారీలూ కార్లూ ఆటోరూట్లనే పెద్ద హైవేలు పట్టుకుంటాయి, ఈ చిన్న దారుల్లో పాల వ్యానూ ట్రాక్టరూ తప్ప పెద్దగా ఏమీ ఎదురుకావు. ఎప్పుడైనా ఓ కారు వెనక నుంచి వచ్చినా, ఊరి బయట సైకిల్‌కి మీటరున్నర ఎడం ఇచ్చే దాటాలని చట్టం. హారన్ మోతల మధ్య పెరిగిన చెవికి మొదటి రోజు ఆ నిశ్శబ్దం కాస్త భయపెడుతుంది కూడా. అయితే ఈ నిశ్శబ్దాన్ని రోడ్లూ చట్టమూ మాత్రమే తయారుచేశాయనుకుంటే పొరపాటు. క్రూజ్ లాంటి జిల్లాలో ఇప్పుడు లక్షా ఇరవై వేల మంది కూడా లేరు. పిల్లలు పట్నాలకు పోయారు, చాలా ఊళ్ళలో రొట్టెల కొట్టు మూతపడింది. మనకు హాయిగా ఉన్న ఖాళీ, అక్కడి ముసలమ్మకు బస్సు రాని ఊరు. ఆ సంగతి ఆకలేసినప్పుడు బాగా తెలుస్తుంది. ఉన్న కొట్టు కూడా మధ్యాహ్నం రెండు గంటలు మూసే ఉంటుంది. నీళ్ళకైతే అనుభవమున్న సైకిలిస్టులు నేరుగా శ్మశానానికి వెళతారు, అక్కడ కుళాయి ఉంటుంది. తాగొద్దని బోర్డు ఉందేమో చూసుకుని సీసా నింపుకోవాలి.