కాలిన ఇంటికి లెక్క అడగడం పాపమా?

పొలసర నుండి భంజనగర్ మీదుగా ఘాటీ ఎక్కితే కందమాల్. 2008 ఆగస్టులో అక్కడ క్రైస్తవుల ఇళ్లు తగలబడుతుంటే కట్టుబట్టలతో కొండ దిగినవారిలో కొందరు మన బరంపురానికే వచ్చారు. వారి నష్టపరిహారం మాట ఎత్తితే చాలు, మన సంఘాల్లోనే సన్నాయి నొక్కులు మొదలవుతాయి. "పరలోకంలో ఆస్తి ఉండగా కాలిన పెంకుల కోసం కోర్టులెందుకు, పాస్టరు గారూ?" ఇలా అడిగేవారి ఇళ్లకు పట్టాలు భద్రంగా బీరువాలో ఉంటాయి.

1938 ఏప్రిల్ 26న హిట్లర్ ప్రభుత్వం 5,000 మార్కులు దాటిన ఆస్తి ఉన్న ప్రతి యూదుడూ లెక్క అప్పగించాలని ఆజ్ఞ ఇచ్చింది. దోపిడీకి ముందు రాసుకునే జాబితా అది. అక్కడ ఆస్తులున్న తన పౌరుల తరఫున అమెరికా 1923 నాటి ఒప్పందం చూపి అభ్యంతరం చెప్పింది. వారికి అడిగే దిక్కుంది. జర్మన్ యూదుడికో? ఆ నవంబరులో అతని దుకాణం పగలగొట్టారు. రావలసిన బీమా సొమ్మును ప్రభుత్వమే లాక్కుంది. పైగా యూదులందరి మీద 100 కోట్ల మార్కుల జరిమానా! సొంత సర్కారే దోచుకుంటే ఏ రాయబారి గుమ్మం ఎక్కుతాడు?

కందమాల్ సహోదరుడికీ రాయబారి లేడు. కానీ రాజ్యాంగం ఉంది. ఆర్చిబిషప్ రాఫెల్ చీనత్ వేసిన పిటిషన్ మీద 2016 ఆగస్టు 2న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పూర్తిగా పాడైన ఇంటికి అదనంగా రూ.70,000 ఇమ్మంది. 827 కేసుల్లో పోలీసులు మూసేసిన 315 కేసులను తిరిగి చూడమంది. ఆ నెల 14నే చీనత్ గారు కన్నుమూశారు. 70,000తో ఇల్లు లేస్తుందా అంటే ఏ మేస్త్రీనైనా అడగండి, నవ్వుతాడు. అయితే ఆ మాత్రమైనా అడిగినందుకే వచ్చింది.

ఫిలిప్పీలో పౌలును కొట్టి, చెరలో వేసి, తెల్లారాక గుట్టుగా వెళ్లిపొమ్మన్నారు. వెళ్లాడా? రోమా పౌరుణ్ణని చెప్పి, అధికారులే వచ్చి బయటికి తీసుకెళ్లాలని పట్టుబట్టాడు. నాబోతు తోట పోయినప్పుడు ఏలీయా ఓదార్పు ప్రసంగం చేయలేదు, నేరుగా అహాబు ఎదుట నిలబడ్డాడు. క్షమించడం వేరు, లెక్క చెరిపేయడం వేరు. క్షమించమని బాధితుడికి బోధించే మనం, తిరిగి ఇమ్మని దోచినవాడికి ఎన్ని ఆదివారాలు బోధించాం?

ఒడియా చదవడం, రాయడం వచ్చిన యువతీ యువకులారా, పరిహారం అందని కుటుంబాలు ఇంకా ఉన్నాయి. ఎఫ్‌ఐఆర్ నకలు, రేషన్ కార్డు, కాలిన ఇంటి ఫోటో, ఏది మిగిలితే అది ఒక ఫైలులో పెట్టాలి. అర్జీ రాయాలి. ఆ అవ్వతో కలిసి తహసీలు ఆఫీసు వరాండాలో కూర్చోవాలి. ఆదివారం ఆరాధన అయ్యాక మా చర్చి హాలు తెరిచే ఉంటుంది.