హాలు కొలిచాకే సోఫా

ఈ సంచికలో ఎక్కువ పేజీలు మాడ్యులర్ సోఫాకే ఇచ్చాం. మన ఫ్లాట్లలో హాలంటే కూర్చునే చోటు మాత్రమే కాదు. డైనింగ్ టేబుల్ అక్కడే, బాల్కనీకి దారి అక్కడే, వరలక్ష్మీ వ్రతానికి పేరంటాళ్లు చాపలమీద కూర్చునేదీ అక్కడే. అలాంటి గదికి కదలని పెద్ద సోఫా కన్నా, విడదీసి గోడవారకు జరుపుకోగల ముక్కలే నయమని నా గట్టి నమ్మకం.

ఇటలీ డిజైనర్ మారియో బెల్లీని 1970లో చేసిన కామలియోండా సోఫాలో సీటు, వీపు, చేతులు వేటికవే. కొక్కేలు, రింగులతో తగిలించి, కావలసినప్పుడు ఊడదీయవచ్చు. యాభై ఏళ్లకు, 2020లో, అదే నమూనా మళ్లీ మార్కెట్లోకి వచ్చింది.

కొనేముందు పాత న్యూస్‌పేపర్లు ఒక్కో ముక్క కొలతకు కత్తిరించి నేలమీద పరవండి. రెండు రోజులు వాటి చుట్టూ తిరగండి. బాల్కనీ తలుపు పూర్తిగా తెరుచుకుంటోందా, స్విచ్‌బోర్డు చేతికందుతోందా అన్నది అప్పుడే తెలుస్తుంది. నడకదారికి 3 అడుగులు, సోఫాకూ టీపాయ్‌కూ మధ్య 16 నుంచి 18 అంగుళాలు వదిలితే చాలు.

అందరూ ఇష్టపడే ఎల్ ఆకారంలో మూలసీటు తరచూ ఖాళీగానే ఉంటుంది, అక్కడ కాళ్లకు చోటుండదు మరి. ఇంట్లో మోకాళ్లనొప్పులున్న పెద్దవాళ్లుంటే ఒక్క ముక్కైనా లోతు తక్కువగా, కాస్త ఎత్తుగా, గట్టి చేతులతో తీసుకోండి. దాన్ని గుమ్మం వైపే వేయండి.