దంతసౌందర్యం – చిగుళ్ళ ఆరోగ్యం

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని సామెత. అది మాటతీరును గూర్చి పెద్దలు చెప్పినదే గాని దంతధావనాన్ని గూర్చి చెప్పినది కాదు. అయినను ఆ సామెతను నోటి ఆరోగ్యానికి కూడా అన్వయించి చూడవలసిన సందర్భం ఈ విద్యాసంవత్సరంలో మాకు కలిగింది.

అల్లవరం నుండి వచ్చే ఒక విద్యార్థిని మా తెలుగు తరగతిలో పద్యాన్ని చక్కగా చదివేది. అటువంటి అమ్మాయి కొన్నాళ్ళుగా వెనుక బల్లకు జరిగి, దుపట్టా కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, ప్రశ్న వేస్తే తల దించుకొనసాగింది. చదువుపై శ్రద్ధ తగ్గినదని భావించి మేము నలుగురి ఎదుట మందలించాము. అసలు సంగతి ఆ తరువాత తెలిసింది. ఎత్తుపళ్ళు సరిచేయించుకొనుటకు ఆమె క్లిప్పులు వేయించుకొన్నది. చిగుళ్ళు వాచి, ఎర్రబారి, బ్రష్షు తగిలితే నెత్తురు వస్తున్నది. "నెత్తురు ఆగేదాకా బ్రష్షు ముట్టుకోవద్దని మా నానీ చెప్పారు సార్. రెండు వారాల నుండి నీళ్ళతో పుక్కిలించి ఊరుకుంటున్నాను" అన్నది. కువైట్‌లో పనిచేసే తండ్రి పంపే సొమ్ములో మిగిల్చి వేయించిన క్లిప్పులవి. వాటిని తీయించివేద్దామా అని ఇంటిలో ఆలోచన సాగుతున్నదట. తొందరపడి మందలించినందుకు మేము సిగ్గుపడ్డాము. ఆ సిగ్గే ఈ వ్యాసానికి ప్రేరణ.

ఆ నానీ చెప్పినది ప్రేమతో చెప్పిన మాటే. గాయమైన చోటును కదపరాదనుట లోకసహజం. కాని చిగుళ్ళ విషయంలో సత్యం దీనికి విరుద్ధంగా ఉన్నది. క్లిప్పులనగా పంటిపై అంటించిన చిన్న లోహపు బిళ్ళలు, వాటిని కలుపుతూ పోయే తీగ. ఆ బిళ్ళల చుట్టూ, తీగ క్రిందా అన్నపు మెతుకు, పిండివంటల తీపి చిక్కుకొంటాయి. వాటిపై సూక్ష్మక్రిములు పెరిగి పాచిగా పేరుకొంటాయి. ఆ క్రిముల విషాన్ని ఎదుర్కొనుటకు శరీరం చిగురుకు అధికంగా రక్తాన్ని పంపుతుంది. అందుచేతనే వాపు, ఎరుపు, నెత్తురు. వాచిన చిగురు బిళ్ళ అంచును కప్పివేయగా అక్కడ శుభ్రపరచుట మరింత కష్టమవుతుంది. నొప్పికి భయపడి బ్రష్షు మానితే పాచి పెరుగుతుంది. పాచి పెరిగితే వాపు పెరుగుతుంది. యౌవనారంభంలో శరీరంలో కలిగే మార్పులు కూడా ఈ వాపుకు తోడవుతాయి.

ఇది మా ఊహ కాదు. 1965లో హారాల్డ్ లో అనే దంతశాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు డెన్మార్క్‌లో ఒక ప్రయోగఫలితాన్ని ప్రకటించారు. ఆరోగ్యమైన చిగుళ్ళు గల పన్నెండు మంది చేత పళ్ళు తోముకొనుట పూర్తిగా మాన్పించి చూశారు. పది మొదలు ఇరువది యొక్క రోజులలో అందరికీ చిగుళ్ళవాపు వచ్చింది. తిరిగి తోముకొనసాగగా సుమారు వారం రోజులలో చిగుళ్ళు బాగుపడినవి. వారికి క్లిప్పులు లేవు. క్లిప్పులున్నవారికి మరికొంత కాలం, మరింత ఓర్పు అవసరం కావచ్చును గాని సూత్రం మాత్రం అదే. పాచి వలన వచ్చే నెత్తురు బ్రష్షు మానుమనే హెచ్చరిక కాదు; మరింత మెత్తగా, మరింత శ్రద్ధగా తోముమనే పిలుపు.

తోమే విధానం కూడా తెలియాలి. మెత్తని కుచ్చు గల బ్రష్షును చిగురు వైపు కొంచెం వాల్చి, తీగకు పైభాగాన ఒకసారి, క్రిందిభాగాన మరొకసారి నెమ్మదిగా త్రిప్పాలి. పళ్ళ సందులకు, తీగ క్రిందికి పోయే సన్నని బ్రష్షులు ప్రత్యేకంగా దొరుకుతాయి. తిన్న ప్రతిసారీ పుక్కిలించాలి. రాత్రి పరుండబోయే ముందు తోముట మాత్రం ఎన్నడూ తప్పరాదు. గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలిస్తే ఉపశమనం కలుగుతుంది, కాని అది బ్రష్షుకు బదులు కాదు. కచ్చిక, బొగ్గుపొడి, ఇటుకపొడి వాచిన చిగుళ్ళకు శత్రువులు. మందుల దుకాణంలో దొరికే పుక్కిలింత మందులను వైద్యుడు చెప్పినన్ని రోజులే వాడాలి. కొన్నిటిని అతిగా వాడితే పళ్ళకు మరకలు పడతాయి.

మిస్వాక్ అలవాటున్న ఇండ్లలో ఒక సందేహం రావచ్చును. ప్రవక్త ఎంతో ఇష్టపడి ప్రోత్సహించిన ఆచారమది. దాని పరమార్థం నోటి శుభ్రత. క్లిప్పులున్నన్నాళ్ళు గట్టి పుల్ల బిళ్ళలను ఊడదీయవచ్చును గనుక మెత్తని బ్రష్షుతో ఆ పరమార్థాన్ని సాధించుట ఆచారాన్ని విడుచుట కాదని మా అభిప్రాయం. వేపపుల్లకూ ఇదే మాట వర్తిస్తుంది.

గార తీయిస్తే పళ్ళు వదులవుతాయన్న అపోహ మన ప్రాంతంలో బలంగా ఉన్నది. వేయి సంవత్సరాల క్రిందటనే స్పెయిన్‌లోని కార్డోబాలో శస్త్రవైద్యుడు అల్ జహ్రావీ తన "అల్ తస్రీఫ్" గ్రంథంలో గార గీకే పనిముట్లను బొమ్మలతో సహా వివరించాడు. వేయేండ్ల నాటి విద్యకు నేడు భయపడనేల? తీగ బిగించిన తరువాత రెండు మూడు రోజులు పళ్ళు సలపడం సహజమే. కాని చిగుళ్ళవాపు వారం పదిరోజులకు తగ్గకున్నా, చీము కనిపించినా, బుగ్గ వాచినా, జ్వరం వచ్చినా వెంటనే దంతవైద్యుని చూడాలి. ఉపేక్షిస్తే బిళ్ళల చుట్టూ పంటిపై తెల్లని మచ్చలు మిగులుతాయి. పంటిని పట్టి ఉంచే ఎముకకే ముప్పు రావచ్చును.

ఇక కళాశాల పాలకవర్గానికి మా మనవి. భోజనశాల వద్ద మంచినీటి కుళాయి, దాని ఎదుట ఒక అద్దం ఏర్పరచండి. మధ్యాహ్నం తిన్న తరువాత తీగలో చిక్కినదాన్ని తొలగించుకొనుటకు మరుగు లేకనే ఆడపిల్లలు సాయంత్రం వరకు అట్లే ఉండిపోతున్నారు. మనదేశంలో మొదటి దంతవైద్య కళాశాలను 1920లో కలకత్తాలో స్థాపించిన డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ జన్మదినం డిసెంబరు 24. ఏటా ఆ రోజున ఒక దంతవైద్యుని పిలిపించి విద్యార్థులందరికీ పరీక్ష జరిపిస్తే ఆ మహనీయునికి అంతకు మించిన స్మృత్యంజలి ఉండదు. విద్యార్థులకు కూడా ఒక మాట. తోటివారి తీగలను చూసి నవ్వకండి. నవ్వు భయంతో మూసిన నోరు శుభ్రపడదు.

మా విద్యార్థిని అమలాపురంలో వైద్యుని వద్ద గార తీయించుకొని, తోమే పద్ధతి నేర్చుకొన్నది. నాలుగు వారాలకు వాపు తగ్గింది. క్లిప్పులు తీయించే ప్రస్తావన ఇంటిలో ఆగిపోయింది. మొన్న మరల ముందు బల్ల మీద కూర్చుండి పద్యం చదివింది. మందలించిన మేమే ముందుగా చప్పట్లు కొట్టాము.