సీసాలో ఏముంది? అమెరికా తేల్చుకుంది, మరి మన దగ్గర?

2025 ఫిబ్రవరిలో మోదీ, ట్రంప్ భేటీ జరిగిన రోజుల్లోనే కేంద్రం అమెరికా బోర్బన్ విస్కీపై దిగుమతి సుంకాన్ని 150 శాతం నుంచి 100 శాతానికి తగ్గించింది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో కూలి పనికి వెళ్లేవాడికి దీంతో ఒరిగేదేమీ లేదు. అతనికి అందుబాటులో ఉన్నది 2024 అక్టోబరు నాటి కొత్త మద్యం విధానం తెచ్చిన 99 రూపాయల క్వార్టర్. అయినా బోర్బన్ చరిత్రలో అతనికి పనికొచ్చే ముక్క ఒకటుంది.

19వ శతాబ్దపు అమెరికాలో విస్కీ వ్యాపారం నిండా మోసమే. పీపాల్లో వచ్చిన సరుకులో దళారీలు ఇష్టమొచ్చింది కలిపేవారు. ముడి స్పిరిట్‌కు పొగాకు రసం లాంటివాటితో రంగు తెప్పించి, పాత సరుకని అంటగట్టేవారు. 1870లో ఓల్డ్ ఫారెస్టర్ సీలు వేసిన సీసాల్లోనే అమ్మకం మొదలుపెట్టింది. 1897లో ఏకంగా చట్టమే వచ్చింది. ఒకే డిస్టిలరీ, ఒకే సీజను సరుకు, సర్కారు నిఘాలోని గోదాములో కనీసం నాలుగేళ్లు, 50 శాతం ఆల్కహాల్. ఇవన్నీ ఉంటేనే సీసాపై ప్రభుత్వ పచ్చ స్టాంపు. 1909లో అసలు దేన్ని విస్కీ అనాలో అధ్యక్షుడు టాఫ్ట్ తీర్పు చెప్పాల్సి వచ్చింది! 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం. అప్పుడూ డాక్టరు చీటీ ఉంటే విస్కీ దొరికేదనుకోండి. 1964లో అక్కడి కాంగ్రెస్ బోర్బన్‌ను అమెరికా ప్రత్యేక ఉత్పత్తిగా గుర్తించింది. అందులో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలో నిల్వ చేయాలి. కెంటకీలోనే చేయాలన్న రూలు మాత్రం లేదు.

తయారీని బట్టి పేరు పెట్టడం పొందూరుకు కొత్త కాదు. చేత్తో వడికిన నూలుతో చేమగ్గంపై నేసిందే ఖాదీ అని 1956 చట్టం చెబుతోంది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రం చేసి, సన్నటి నూలు వడికే ఊరది. అక్కడ పంచె కొనేవాడు అదెలా తయారైందో అడిగి తెలుసుకోవచ్చు. క్వార్టర్ కొనేవాడు ఎవర్ని అడగాలి?

మన చవక విస్కీలో చాలావరకు చెరకు మొలాసిస్ నుంచి తీసిన స్పిరిటే. ఐరోపాలో దాన్ని విస్కీ అని అమ్మనివ్వరు. అది చట్టబద్ధమైన సరుకు సంగతి. 2025 అక్టోబరులో అన్నమయ్య జిల్లా ములకలచెరువులో ఏకంగా నకిలీ మద్యం తయారీ కేంద్రమే బయటపడింది. ఆ తర్వాత ప్రభుత్వం సీసాపై క్యూఆర్ కోడ్‌ను యాప్‌తో స్కాన్ చేసి చూసుకోమంది. మంచిదే. కానీ స్మార్ట్‌ఫోన్ లేనివాడి మాటేంటి? బెల్టు షాపులో గ్లాసులో పోయించుకునేవాడు దేన్ని స్కాన్ చేయాలి? అమెరికా పచ్చ స్టాంపు వెనక గోదాము తాళం, ఏళ్ల తరబడి నిఘా ఉండేవి. ఇక్కడ తనిఖీ భారం తాగేవాడి మీదే పడింది.